తిరిగొచ్చిన ఉత్తరాల లెక్క బార్‌కోడ్ స్కానర్‌తో: అచ్చు దగ్గర్నుంచి చింపే దాకా

వేల సంఖ్యలో ఉత్తరాలు పంపే ఆఫీసుల్లో ఎక్కడో ఓ మూల ఒక అట్టపెట్టె ఉంటుంది. ఆ చిరునామాలో మనిషి లేడనో, ఇల్లు మారాడనో, తలుపు తాళం వేసి ఉందనో వెనక్కి వచ్చిన కవర్లన్నీ అందులో పడుతుంటాయి. తీరిక దొరికినప్పుడు చూద్దాం అనుకుంటాం. పెట్టె నిండుతుంది, పక్కన రెండోది వెలుస్తుంది. ఈలోగా అదే తప్పు చిరునామాకు ఇంకో ఉత్తరం వెళ్లి అదీ తిరిగొస్తుంది.

చేత్తో ఎక్కించాలంటే ఓపిక చాలదు. కవరు మీద పేరు చదవాలి, కంప్యూటర్‌లో వెతకాలి, అదే పేరున్న నలుగురిలో ఇతనెవరో తేల్చుకోవాలి. కవరు మీద మనం ముందే ఒక బార్‌కోడ్ వేసి ఉంటే ఆ పని ఒక్క ‘బీప్’తో అయిపోతుంది. ‘ముందే’ అన్న మాట గమనించండి. స్కానర్ కొనడం ఈ పనిలో చిన్న భాగం. అసలు పని ఉత్తరం అచ్చు వేసే రోజే మొదలవుతుంది.

కింద ‘కస్టమర్’ అని రాస్తున్నాను గానీ సభ్యులు, చందాదారులు, విద్యార్థులు, ఎవరైనా పద్ధతి ఒకటే.

అడుగు 1: నంబరు మనిషికి కాదు, ఉత్తరానికి

అందరూ చేసే మొదటి తప్పు కస్టమర్ నంబరునే బార్‌కోడ్‌గా వేయడం. నేనూ చేశాను. ఎక్కడ దెబ్బ తగులుతుందో చూడండి. ఉత్తరం ఈ వారం వెళ్లింది. రెండు వారాల తర్వాత కస్టమర్ తానే ఫోన్ చేసి కొత్త చిరునామా చెప్పాడు, మనం మార్చేశాం. పాత చిరునామాకు వెళ్లిన కవరు ఆరో వారంలో తిరిగొచ్చింది. దాన్ని స్కాన్ చేస్తే కంప్యూటర్‌కు తెలిసింది ఒక్కటే: ఈ కస్టమర్ ఉత్తరం వెనక్కి వచ్చింది. వెంటనే అతని చిరునామా ‘చెల్లదు’ అని గుర్తు పెట్టేసింది. అంటే నిక్షేపంలాంటి కొత్త చిరునామాను మన చేతులతో మనమే చెడగొట్టుకున్నాం. నేను పనిచేసిన ఒక చోట ఇలా కొన్నాళ్లు జరిగాక, ‘మాకు ఉత్తరాలెందుకు ఆగిపోయాయి’ అని కస్టమర్లు అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

అందుకే పంపే ప్రతి ఉత్తరానికీ దాని సొంత నంబరు ఉండాలి. అచ్చుకు పంపే ముందు ఒక పట్టిక తయారు చేసుకోండి. అందులో ఉత్తరం నంబరు, కస్టమర్ నంబరు, ఏ విడత, పంపిన తేదీ, ఆ రోజు కవరు మీద అచ్చయిన చిరునామా యథాతథంగా, ఈ ఐదూ ఉండాలి. చివరిదే ముఖ్యం. చిరునామా ఎలాగూ కస్టమర్ రికార్డులో ఉంది కదా, మళ్లీ ఎందుకు అనిపిస్తుంది. రేపు ఆ రికార్డు మారుతుంది, కవరు మీది అచ్చు మారదు.

నంబరుకు 12 అంకెలు సరిపోతాయి. మొదటి 3 విడతకు, తర్వాతి 8 వరుస సంఖ్యకు, చివరిది తనిఖీ అంకె. విడత సంఖ్యను 100 నుంచి మొదలుపెట్టండి, సున్నాతో మాత్రం వద్దు. ఎందుకో ఎక్సెల్ దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

తనిఖీ అంకె అంటే ముందున్న అంకెల నుంచి లెక్క కట్టి చివర అతికించే అంకె. టైపింగులో ఒక అంకె తప్పితే లెక్క కుదరక దొరికిపోతుంది. రిజిస్టర్డ్ అంతర్జాతీయ టపా మీద కనిపించే 13 స్థానాల గుర్తింపు సంఖ్యలోనూ ఇదే కిటుకు ఉంది. ప్రపంచ తపాలా సంఘం దానికి పెట్టిన ప్రమాణం పేరు ఎస్10. ముందు రెండు అక్షరాలు, తర్వాత 8 అంకెలు, ఒక తనిఖీ అంకె, చివర దేశాన్ని తెలిపే రెండు అక్షరాలు. ఆ 8 అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి, వచ్చిన శేషాన్ని 11లోంచి తీసేయాలి. ఉదాహరణకు 12345678 తీసుకుంటే మొత్తం 204, శేషం 6, తనిఖీ అంకె 5. తీసివేతలో 10 వస్తే 0 అని, 11 వస్తే 5 అని రాస్తారు. మన సొంత నంబరుకు ఇంత అవసరం లేదు. క్రెడిట్ కార్డుల మీద వాడే లూన్ పద్ధతి చాలు. ఒక అంకె తప్పు పడితే అది ఎప్పుడూ పట్టుకుంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుకుంటుంది, ఒక్క 09, 90 జంట తప్ప.

ఇంకో మాట. బార్‌కోడ్‌లో ఫోన్ నంబరు, ఖాతా నంబరు, పుట్టిన తేదీ పెట్టకండి. ఫోన్ కెమెరా ఉన్న ఎవరైనా దాన్ని చదవగలరు. బయటివాళ్లకు అర్థం లేని అంకెలే ఉండాలి.

అడుగు 2: ఏ కోడ్, ఎంత సైజు, కవరు మీద ఎక్కడ

గీతల కోడ్ కావాలంటే కోడ్ 128 వాడండి. అంకెలు రెండేసి చొప్పున ఒకే గుర్తులో ఇముడుతాయి కాబట్టి పొట్టిగా వస్తుంది. పైన 12 అంకెలన్నది అందుకే. సరిసంఖ్యలో ఉంటే ఈ కుదింపు పూర్తిగా కలిసొస్తుంది. పాత సాఫ్ట్‌వేర్‌లు ఇష్టంగా వాడే కోడ్ 39 అదే సమాచారానికి చాలా పొడవవుతుంది, కవరు మీద దానికి చోటు దొరకదు.

లెక్క వేసి చూద్దాం. 300 డీపీఐ ప్రింటరులో, అంటే అంగుళానికి 300 చుక్కలు వేసేదానిలో, ఒక చుక్క సుమారు 0.085 మిల్లీమీటర్లు. సన్నని గీతకు సరిగ్గా మూడు చుక్కలు ఇస్తే 0.254 మి.మీ. కోడ్ 128లో 12 అంకెలకు 101 గీత వెడల్పులు పడతాయి, అంటే దాదాపు 26 మి.మీ. రెండు పక్కలా పది గీత వెడల్పుల చొప్పున ఖాళీ వదలాలి కాబట్టి మొత్తం 31 మి.మీ. ఎత్తు 10 మి.మీ.కు తగ్గించకండి. గీతల కోడ్‌ను ఏ ఎత్తులో అడ్డంగా కోసి చదివినా ఒకటే, కాబట్టి కొంత భాగం మీద ముద్ర పడినా మిగతా ఎత్తులో స్కానర్‌కు దారి దొరుకుతుంది.

గీత వెడల్పు చుక్కల లెక్కలో పూర్ణాంకంగా ఉండాలి. డిజైన్ బాగుండాలని బార్‌కోడ్ బొమ్మను మౌసుతో లాగి పెద్దదీ చిన్నదీ చేస్తే గీతలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చి చదవడం మొండికేస్తుంది. కంటికి ఈ తేడా తెలియదు, స్కానర్‌కు తెలుస్తుంది.

చోటు తక్కువైతే డేటా మ్యాట్రిక్స్ అనే చదరపు కోడ్ మంచిది. 12 అంకెలు 14 గళ్లు అడ్డం, 14 గళ్లు నిలువు ఉన్న చదరంలో పడతాయి. గడి అర మిల్లీమీటరు అనుకుంటే చుట్టూ ఖాళీతో కలిపి 8 మి.మీ. చదరం. కొంత చెరిగినా లోపలి దోష సవరణ వల్ల చదువుతుంది. నన్నడిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్నే ఎంచుకోవాలి.

ఏ కోడ్ వేసినా కింద ఆ అంకెలను మామూలుగా కూడా అచ్చు వేయండి.

ఇక ఎక్కడ వేయాలి? తిరిగొచ్చిన కవరు కొత్త కవరులా ఉండదు. పై మూలన తేదీ ముద్ర ఉంటుంది. ముందువైపు కింది అంచున చాలా చోట్ల తపాలా యంత్రాలు తమ సొంత గీతలు వేస్తాయి. తిరుగు కారణం రాసిన చీటీ అంటిస్తే సాధారణంగా చిరునామా దగ్గరే పడుతుంది, అంటే చిరునామా పక్కన ముద్దుగా పెట్టుకున్న మన బార్‌కోడ్ సరిగ్గా దాని కింద సమాధి. అందుకని వీలైతే రెండు చోట్ల వేయండి, ముందు ఒకటి, వెనక ఒకటి. కవరు వెనక అచ్చు కుదరకపోతే లోపలి ఉత్తరం మీదైనా అదే నంబరు ఉండేలా చూడండి.

కిటికీ కవరు, అంటే లోపలి కాగితం మీది చిరునామా కనబడేలా పారదర్శకమైన గడి ఉన్న కవరు, వాడేవాళ్లు ఉత్తరం మడిచి పెట్టాక కవరును బల్ల మీద నాలుగు అంచులా తట్టి చూడాలి. లోపల కాగితం ఎటు జారినా బార్‌కోడ్ చుట్టూ కనీసం 3 మి.మీ. ఖాళీ కిటికీలో కనబడాలి.

రంగు నలుపు, కింద తెలుపు. ఎర్ర బార్‌కోడ్ వేయకండి, ఎర్రటి వెలుగుతో చదివే స్కానర్‌కు ఎరుపు తెల్లగానే కనిపిస్తుంది. దీనివల్ల ఒక లాభమూ ఉంది. బార్‌కోడ్ మీద ఎర్ర సిరా ముద్ర పడితే అలాంటి స్కానర్ దాన్ని పట్టించుకోకుండా కింద గీతలు చదివేస్తుంది. ఊదా, నలుపు ముద్రలే గండం.

అడుగు 3: స్కానర్

లేజర్ స్కానర్ గీతల కోడ్‌లే చదువుతుంది. కెమెరాలాంటి ఇమేజర్ రకం గీతలనూ చదరాలనూ కూడా చదువుతుంది, నలిగిన కవరు మీదా నయం. ఇమేజరే తీసుకోండి. యూఎస్‌బీ తీగతో ఉన్నది చాలు. కూర్చున్న చోటే చేసే పనికి వైర్‌లెస్, దాని ఛార్జింగు ఎందుకు? స్టాండు మాత్రం తప్పక కావాలి. మీట నొక్కకుండా కవరును కింద పెట్టగానే చదివే పద్ధతి పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వెయ్యి కవర్లకు వెయ్యిసార్లు మీట నొక్కిన వేలు సాయంత్రానికి ఏమవుతుందో నాకు తెలుసు.

ఫోన్ యాప్‌తోనూ చదవవచ్చు. యాభై కవర్లయితే అదే చేయండి, ఈ హంగామా అంతా అక్కర్లేదు.

అడుగు 4: స్కానర్‌ను మలచుకోవడం

చాలా స్కానర్లు కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తాయి. చదివిన అంకెలను మనం టైప్ చేసినట్టే పంపిస్తాయి. సెట్టింగులు మార్చడానికి స్కానర్‌తో వచ్చే చిన్న పుస్తకంలోని బార్‌కోడ్‌లనే చదివించాలి. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కావలసినదాన్ని వదిలి మిగతావి కాగితంతో మూసి చదివించండి.

ముందు ఫ్యాక్టరీ సెట్టింగులకు తీసుకురండి. యూఎస్‌బీ కీబోర్డు పద్ధతి ఎంచుకోండి. ప్రతి స్కాన్ చివర ఎంటర్ వచ్చేలా పెట్టండి. తర్వాత అసలు సంగతి: మీరు వాడే కోడ్ తప్ప మిగతా రకాలన్నీ ఆపేయండి. తిరిగొచ్చిన కవరు మీద మన బార్‌కోడ్ ఒక్కటే ఉండదు. తపాలావాళ్ల ట్రాకింగ్ కోడ్, యంత్రం వేసిన గీతలు, లోపలి పత్రిక అట్ట మీది ధర కోడ్ కూడా ఉండొచ్చు. తెరిచి వదిలేస్తే ఏది ముందు కనిపిస్తే అది చదివేస్తుంది. ట్రాకింగ్ కోడ్ కూడా కోడ్ 128 అయితే రకాన్ని బట్టి విడదీయలేం. అప్పుడు పొడవు 12, కారణాల కోసం 4, ఇవి తప్ప వేరే పొడవులు తీసుకోవద్దని చెప్పాలి.

ఇప్పటికే ఇంటర్‌లీవ్డ్ 2 ఆఫ్ 5 అనే ఇంకో రకం గీతల కోడ్ వాడుతుంటే ఈ పొడవు నిబంధన ప్రాణం లాంటిది. స్కానర్ గీత ఏటవాలుగా పడి సగమే కోసుకుంటూ వెళ్లినా ఆ సగాన్ని పూర్తి నంబరు అనుకునే గుణం దానికి ఉంది.

ఒకే కోడ్‌ను వెంటవెంటనే రెండుసార్లు చదవకుండా విరామం పెట్టండి, ఒక సెకను చాలు. ఇప్పుడు నోట్‌ప్యాడ్ తెరిచి పది కవర్లు చదివించి, తెర మీది అంకెలను కవరు మీది అంకెలతో సరిచూసుకోండి. అక్షరాలున్న కోడ్‌లకు తెలుగు అక్షరాలు పడుతున్నాయంటే కంగారు వద్దు. కంప్యూటర్ కీబోర్డు తెలుగులో ఉంది, ఇంగ్లిష్‌కు మార్చండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు (abc, ABC) తారుమారైతే క్యాప్స్ లాక్ చూడండి.

వాడిన సెట్టింగు కోడ్‌లను ఒక కాగితం మీద వరుసగా అంటించి దాచుకోండి. స్కానర్ మొండికేసిన రోజు ఐదు నిమిషాల్లో మళ్లీ దారికి వస్తుంది.

అడుగు 5: కారణాల అట్ట

బార్‌కోడ్ ఏ ఉత్తరమో చెబుతుంది. ఎందుకు తిరిగొచ్చిందో చెప్పదు. అది ముద్రలోనో, చీటీలోనో, పోస్ట్‌మ్యాన్ చేతిరాతలోనో ఉంటుంది. అది కన్ను చదవాలి. ఈ భాగాన్ని కూడా స్కానర్‌తోనే ఎక్కించే ఉపాయం కారణాల అట్ట.

ఒక మందపాటి కాగితం మీద ఒక్కో కారణానికి 4 అంకెల బార్‌కోడ్ వేసి, పక్కన పెద్ద అక్షరాలతో కారణం రాసి, లామినేట్ చేయించండి. అంతర్జాతీయ టపాలో వాడే సీఎన్ 15 అనే తిరుగు చీటీ మీది కారణాలు మంచి పునాది: చిరునామాలో తెలియదు, నిరాకరించారు, ఇల్లు మారారు, తీసుకోవడానికి రాలేదు, చిరునామా చాలదు. వీటికి ‘చనిపోయారు’ కలపండి. ‘అర్థం కాలేదు’ అన్న గడి తప్పనిసరి. అది లేకపోతే పనిచేసేవాళ్లు అలుక్కుపోయిన ముద్ర చూసి ఏదో ఒకటి ఊహించి కొట్టేస్తారు. తప్పుడు కారణం కన్నా తెలియదన్న నిజం మేలు. ఎనిమిది దాటించకండి. ఇరవై కారణాల అట్ట చూశాను, వాడినవాళ్లు మొదటి నాలుగే వాడారు.

ఒక కవరు మీద రెండు మూడు కారణాలుంటే చివరి తేదీది తీసుకోండి.

అడుగు 6: ఎక్సెల్ షీటు

పెద్ద సాఫ్ట్‌వేర్ లేదని ఆగిపోనక్కర్లేదు. మొదట మొదటి నిలువు వరుస మొత్తాన్ని ‘టెక్స్ట్’గా మార్చండి, స్కాన్ మొదలుపెట్టకముందే. మార్చకపోతే ఎక్సెల్ 12 అంకెల నంబరును ఘాతాంక రూపంలో (1.23E+11 లాగా) చూపిస్తుంది, ముందున్న సున్నాలు మింగేస్తుంది. 15 అంకెలు దాటిన ట్రాకింగ్ నంబర్లయితే పదహారో అంకె నుంచి సున్నాలు చేసేస్తుంది, అవి ఇక తిరిగి రావు. విడతను 100 నుంచి మొదలుపెట్టమన్నది, ఎవరైనా ఈ మార్పు మరిచిపోయినా మన నంబరు బతికి ఉండాలనే.

మొదటి వరుసలో కారణం కోడ్, కవరు కోడ్ రెండూ కలగలిపి కిందికి పడుతూ పోతాయి. పొడవును బట్టి ఏది ఏదో తెలుస్తుంది. రెండో నిలువు వరుసలో ఒక సూత్రం పెట్టండి: పక్క గడి పొడవు 4 అయితే ఆ విలువ తీసుకో, లేకపోతే పై గడిలోని విలువనే తీసుకో. దాన్ని కింది దాకా లాగండి. కారణం ఒక్కసారి చదివిస్తే, తర్వాత వచ్చే కవర్లన్నిటికీ అదే అంటుకుంటూ పోతుంది, ఇంకో కారణం చదివించే దాకా. మూడో వరుసలో వీలుకప్‌తో (VLOOKUP, ఒక నంబరును వేరే పట్టికలో వెతికి దాని పక్కనున్న వివరం తెచ్చే సూత్రం) మొదటి అడుగులోని పట్టిక నుంచి కస్టమర్ నంబరు, నాలుగులో ఆనాటి చిరునామా తెచ్చుకోండి. పట్టికలో నంబరు సంఖ్యగా, ఇక్కడ టెక్స్ట్‌గా ఉంటే వీలుకప్ దొరకలేదంటుంది. రెండు చోట్లా టెక్స్ట్‌గానే ఉంచండి. రెండోసారి వచ్చిన నంబరు రంగు మారేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెడితే మంచిది.

అడుగు 7: బల్ల మీద

ముందు కవర్లను కారణం వారీగా కుప్పలు వేయండి. ఇది తీరిగ్గా, కళ్లు పెట్టి చేయాల్సిన పని. ప్రతి కుప్పనూ యాభైల కట్టలు కట్టి, పై కవరు మీద సంఖ్య రాయండి. అప్పుడు స్కానర్ ముందు కూర్చోండి. అట్ట మీద కారణం చదివించండి, ఆ కుప్పలోని కట్టలు వరుసగా చదివించండి, కుప్ప మారగానే మళ్లీ కారణం.

ప్రతి కట్ట తర్వాత తెర చూడండి. స్కానర్ ‘బీప్’ అన్నదంటే అది చదివిందని మాత్రమే, కంప్యూటర్ రాసుకుందని కాదు. ఒకసారి నేను ధీమాగా చదివించుకుంటూ పోతుంటే మధ్యలో ఏదో అప్‌డేట్ కిటికీ తెర మీదికొచ్చి కూర్చుంది. స్కానర్ కూస్తూనే ఉంది, నేను తల ఎత్తలేదు. రెండు కట్టలు గాలికి పోయాయి. పైగా ప్రతి స్కాన్ చివర ఎంటర్ ఉంది కదా, ఆ కిటికీలో దేనికి ఒప్పుకున్నానో కూడా తెలియదు. అప్పటి నుంచి ఆ కంప్యూటర్‌లో మిగతావన్నీ మూసేసి, యాభైకోసారి లెక్క సరిపోయిందో లేదో చూసి గానీ ముందుకు వెళ్లను. తేడా వస్తే ఆ కట్ట ఒక్కటే మళ్లీ చదివిస్తే సరి.

స్కానర్ అద్దాన్ని రోజూ మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. సంచుల్లో వచ్చే దుమ్ము తక్కువేం కాదు.

అడుగు 8: చదవని కవర్లు

రెండు ప్రయత్నాల్లో చదవకపోతే పక్క ట్రేలో పడేసి ముందుకు సాగండి. ఒక్క మొండి కవరు కోసం అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే పని లయ తప్పుతుంది. చివర్లో ఆ ట్రే తీసి బార్‌కోడ్ కింది అంకెలు టైప్ చేయండి, తనిఖీ అంకె ఇక్కడ అక్కరకొస్తుంది. చీటీ అడ్డమైతే వెనకవైపు కోడ్ చూడండి. కిటికీ కవరైతే కాగితాన్ని కొద్దిగా జరపండి. అదీ కాకపోతే కవరు తెరవాలి, అనుమతి ఉన్నవాళ్లే.

ఆ ట్రేను ఊరికే ఖాళీ చేయకండి. చదవకపోవడానికి కారణమేంటో గీతలు పెట్టి లెక్కించండి. చీటీ అడ్డమా, ముద్రా, అచ్చు పలచబడిందా, కాగితం జారిందా? ఏది ఎక్కువైతే వచ్చే విడత అచ్చులో దాన్ని సరిచేయాలి.

అడుగు 9: చదివిన డేటాతో

స్కాన్ అయిన ప్రతి నంబరుకూ మొదటి ప్రశ్న: కవరు మీది చిరునామా, కస్టమర్ రికార్డులో ఈ రోజు ఉన్న చిరునామా ఒకటేనా? కాకపోతే అతను ఈలోగా మార్చుకున్నాడు. ‘తిరిగొచ్చింది’ అని చరిత్రలో రాసుకోండి, చిరునామాను ముట్టుకోకండి. కావాలంటే అదే ఉత్తరం కొత్త చిరునామాకు మళ్లీ పంపండి.

రెండూ ఒకటే అయితే అప్పుడు కారణం చూడాలి. ‘తెలియదు’, ‘ఇల్లు మారారు’ వస్తే ఆ చిరునామాకు టపా ఆపి, ఫోనో మెయిలో ఉంటే కస్టమర్‌ను అడగండి. చీటీ మీద కొత్త చిరునామా ఉంటే ఫొటో తీసుకోండి, కానీ కస్టమర్‌ను అడగకుండా రికార్డులో ఎక్కించకండి. ‘చిరునామా చాలదు’ అన్నది చాలాసార్లు మన తప్పే. తలుపు నంబరో, వీధి పేరో ఎక్కడో తెగి ఉంటుంది, చిరునామా గడి పొడవు చాలక అచ్చులో కోతపడిందేమో చూడండి. ‘తీసుకోవడానికి రాలేదు’ ఒక్కసారికే చిరునామా కొట్టేయకండి, మనిషి ఊరెళ్లి ఉండొచ్చు. రెండోసారీ అదే వస్తే ఆలోచించండి. ‘నిరాకరించారు’ అంటే చిరునామా సరైనదేనన్నమాట, మనిషికే మన ఉత్తరం అక్కర్లేదు. ‘చనిపోయారు’ ఉన్నవాటిని యంత్రానికి వదలకండి. ఒక మనిషి చూసి, నిర్ధారించుకుని, ఆ ఇంటికి ఇంకో ఉత్తరం పోకుండా అదే రోజు ఆపాలి.

అడుగు 10: కవర్లు ఏం చేయాలి

లెక్క సరిపోయి, ఫైలు ఇంకో చోట కాపీ అయ్యాకే కవర్ల జోలికి వెళ్లండి. లోపల పేర్లు, ఖాతా వివరాలు ఉంటాయి కాబట్టి చెత్తబుట్టలో కాదు, ముక్కలు చేసే యంత్రంలో వేయాలి. చెక్కులు, కార్డులు ఉన్న కవర్లు వేరుగా తీసి, సంతకం పెట్టించుకుని సంబంధిత విభాగానికి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ చేయించి పంపితే తిరిగొచ్చిన న్యాయపరమైన నోటీసులను మాత్రం తెరవనే వద్దు. ముద్రలతో, చీటీతో, అంటించిన మూతతో ఉన్న ఆ కవరే రేపు సాక్ష్యం కావచ్చు. స్కాన్ చేసి, న్యాయవాది వద్దనే దాకా బీరువాలో పెట్టండి.